అత్తగారి కారుకు కోడలి ఇంజిన్

వయసులో ఉండగా అత్తగారు పందేలు గెలిచిన రెండు సీట్ల కారు అది. ఏళ్ల తరబడి షెడ్డులో మూలన పడి ఉంది. మెకానిక్ అయిన కోడలు దాని ఇంజిన్‌ను నట్టూ బోల్టూ విప్పి, అరిగిన సిలిండర్లకు బోరు కొట్టించి, పిస్టన్లు మార్చి తిరిగి నిలబెట్టింది. అక్కడితో ఆగితే గొడవే లేకపోను. చీటికీ మాటికీ అలిగే కార్బ్యురేటర్లు పీకేసి, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే చూసుకునే ఇంజెక్షన్ పెట్టింది.

ఆ మాట వినగానే అత్తగారి తమ్ముడు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ముసలి ఇంజిన్‌కి కంప్యూటరా? రేపు పొద్దున స్టార్ట్ కాకపోతే దీన్ని పాత ఇనుముకి వేసేసి కొత్త ఇంజిన్ దింపిద్దాం అక్కా."

అత్తగారు సరేనన్నారు. పైగా మొదటిసారి తాళం తిప్పేది తానేనని పంతం పట్టారు.

ఉదయానికి వీధి వీధంతా షెడ్డు ముందు చేరింది. అత్తగారు దర్జాగా కూర్చుని తాళం తిప్పారు. ఇంజిన్ గిరగిరా తిరిగింది గానీ అంటుకోలేదు. మళ్లీ తిప్పినా అదే తంతు. తమ్ముడు మీసం దువ్వడం మొదలెట్టాడు.

కోడలు వైర్లన్నీ తడిమి చూసింది. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అప్పుడు వంగి అత్తగారి పాదం చూసింది. పాత అలవాటు కొద్దీ ఆవిడ యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కిపట్టారు. అంత తొక్కితే, ఇంజిన్‌లో పెట్రోలు ఎక్కువైందనుకుని కంప్యూటర్ సరఫరా ఆపేస్తుంది. ఆవిడ కాలు తీసేదాకా ఇంజిన్‌కి పస్తే.

పైకి చెబితే తన పనికి మాట రాదు గానీ, నలుగురిలో అత్తగారి పరువు పోతుంది. కోడలు కిటికీలోకి తల పెట్టి గొంతు తగ్గించింది.

"అత్తయ్యా, కాలు తీసెయ్యండి. ఊరికే తాళం తిప్పండి చాలు."

అత్తగారు గుర్రుగా చూశారు. ఆవిడకు డ్రైవింగ్ నేర్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. అయినా కాలు తీశారు.

తాళం తిప్పీ తిప్పకముందే ఇంజిన్ గర్జించింది. పైనున్న రేకులు అదిరాయి. కోడలికి ఒళ్లు పులకరించింది. ఆ చప్పుడు చేస్తున్న ప్రతి ముక్కా తన చేతుల మీదుగా వెళ్లిందే.

"మొత్తానికి ఏదో తంటాలు పడి సరిచేసిందిలే," అన్నాడు తమ్ముడు.

అత్తగారు ఇంజిన్ ఆపి, వీధంతా వినేలా గొంతెత్తారు.

"దాంట్లో తప్పుంటే కదరా సరిచేయడానికి! తప్పంతా నా కాలిది. నా కోడలు కట్టిన ఇంజిన్‌కి వంక పెట్టేవాడెవడో ముందుకు రమ్మను!"

అత్తగారు కారు దిగి, అటు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నారు.

"నువ్వు నడపవే. ఎంత తొక్కాలో నాకు చూపించు."