గేటు దాటిన పాప

మేస్త్రికి ఇక గోడలు దొరకలేదు. చర్చి వెనక గదిలో తలదాచుకున్నప్పటి నుంచి పెచ్చులూడిన చోటల్లా సిమెంటు మెత్తాడు, విరిగిన మెట్లు కట్టాడు, కురిసే కప్పు బాగుచేశాడు. ఇప్పుడు పనేమీ లేక, బాగున్న గోడనే తడుముతూ తిరుగుతున్నాడు.

యుద్ధం ఊరిని నేలమట్టం చేస్తే, కడుపుతో ఉన్న భార్యని వెంటబెట్టుకుని సరిహద్దు దాటి వచ్చాడు. ఇక్కడ ఉండనివ్వమని పెట్టుకున్న అర్జీని సర్కారు కొట్టేసింది. ఇద్దర్నీ వెనక్కి పంపేస్తారని తెలిసి పాస్టరుగారు చర్చి తలుపు తీశారు. ప్రార్థన జరిగే చోట పోలీసులు అడుగుపెట్టరు, అది అక్కడి కట్టుబాటు. గేటు అవతల జీపు మాత్రం కదలదు. కాలు బయటపెడితే అంతే సంగతులు.

చర్చి సంఘంవాళ్ళు మంచివాళ్ళు. వంతులేసుకుని అన్నం తెచ్చేవారు. ఎవరొచ్చినా మేస్త్రి నవ్వుతూ దండం పెట్టేవాడు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టేవి. విసుక్కోడానికి కూడా హక్కులేని బతుకైపోయింది. అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక్క ముసలావిడ మాత్రం మొహం మీదే అనేసేది. "ఇది దేవుడి ఇల్లా, సత్రమా?" అని మొదటిరోజే పాస్టరుగారితో గొడవపడింది. విచిత్రమేమిటంటే, మేస్త్రికి ఆవిడ దగ్గరే కాస్త ఊపిరాడేది. ఆవిడ ముందు నవ్వక్కర్లేదు మరి.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో భార్యకి నొప్పులొచ్చాయి. ఇంకా నెలలు నిండలేదు. సంఘంలో ఉన్న నర్సు చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది. ఇక్కడ నావల్ల కాదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే" అంది.

పాస్టరుగారు జీపు దగ్గరికి పరుగెత్తి, రొప్పుతూ తిరిగొచ్చారు. "అమ్మాయిని వెళ్ళనిస్తారట. కాన్పయ్యాక ఇక్కడికే రానిస్తామని ఆఫీసరు మాటిచ్చాడు. నువ్వు మాత్రం గేటు దాటకూడదు."

"మాట తప్పితేనో, అయ్యగారూ?"



వెనక బెంచీలోంచి పెద్దమ్మ లేచింది. "నేను వెళ్తా దీనితో. నా చెయ్యి విదిలించి ఎవడు లాక్కెళ్తాడో చూస్తాను."

అంబులెన్సు వచ్చింది. స్ట్రెచరు మీంచి భార్య మొగుడి చొక్కా పట్టుకుంది. "ఏవండీ, ఆవేశపడి వెనకాలే వచ్చేరు సుమా. నామీద ఒట్టు."

అంబులెన్సు కదిలింది. మేస్త్రి కాళ్ళు వాటంతటవే ముందుకి నడిచాయి. కానిస్టేబులు జీపు తలుపు తెరిచాడు. మేస్త్రి ఆగిపోయాడు. ఆ ఒక్క అడుగు వెనక్కి వెయ్యడానికి పట్టిన బలం ఏ ఇటుకల తట్ట మోయడానికీ పట్టలేదు.

సాయంత్రం, అంబులెన్సులో వెంట వెళ్ళిన నర్సు ఫోను చేసింది. ఆపరేషను చేశారు. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. అందరూ చప్పట్లు కొట్టారు. మేస్త్రి వాళ్ళముందు నవ్వి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు.

ఆసుపత్రిలో పెద్దమ్మ బాలింత మంచం మీంచి దిగలేదట. "అవతలికి జరగండమ్మా, మేమేం ఎత్తుకుపోం" అని ఆఫీసరే బతిమాలుకున్నాడట. మొత్తానికి మాట నిలబెట్టుకున్నాడు. తల్లీబిడ్డా తిరిగొచ్చారు. గేటు మళ్ళీ మూసుకుంది.

పాపకి కామెర్లతో ఒళ్ళు పచ్చబడింది. పొద్దుటి ఎండ తగిలించమంది నర్సు. చుట్టూ పెద్ద పెద్ద మేడలు కావడంతో చర్చి ఆవరణలో పొద్దుటిపూట ఎండ పొడే ఉండదు. వీధి మలుపులో మాత్రం పడుతుంది.

"దీనిమీద సర్కారుకి కోపమేం లేదుగా?" పెద్దమ్మ చేతులు చాచింది. తల్లి బిడ్డని గుండెకి హత్తుకుంది. చివరికి తనే ఇచ్చింది.

కానిస్టేబులు దుప్పటి కొస ఎత్తి చూసి, కాసేపు తటపటాయించి దారిచ్చాడు. పెద్దమ్మ మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి మలుపు దగ్గర ఎండలో నిలబడింది. ఇక్కణ్ణుంచి పాప మొహం కనబడదు.

"కళ్ళు తెరిచిందంటారా?" భార్య అడిగింది.

మేస్త్రి మునివేళ్ళమీద లేచి చూశాడు. "తెరిచే ఉంటుంది."

ఇద్దరూ గేటు ఊచలు పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డారు.