వజ్రాల బాటలో నవ్వని మనిషి

ఆలేరు ఫొటోగ్రాఫర్ ఐలేశం ముందు నవ్వకుండా ఫొటో దిగిన మనిషి చుట్టుపక్కల ఊళ్లలో లేడు. "దిగుమన్నది ఫొటో, బావి కాదు. గంత భయమెందుకే?" అనేవాడు. కొత్త పెళ్లికూతుళ్లు కూడా కిసుక్కుమనేవాళ్లు. అలాంటివాడికి పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, చలి మొదలైన రోజుల్లో, దుర్గయ్య తగులుకున్నాడు.

పని పట్నంలో ఒక ప్రొఫెసరుది. మూడు వందల ఏళ్ల కిందట ఒక పరదేశి వర్తకుడు వజ్రాల గనులు వెతుక్కుంటూ గోల్కొండ నుంచి కృష్ణ ఒడ్డుదాకా నడిచాడట. ఆ బాట ఇప్పుడెలా ఉందో మజిలీ మజిలీకీ ఫొటో తీసుకురమ్మన్నాడు. రాళ్ల ఎత్తు తెలియాలి కనుక ప్రతి ఫొటోలో పక్కన ఒక మనిషి నిలబడాలన్నాడు. సర్కారు ముద్ర ఉన్న పరవానా చేతిలో పెట్టాడు.

నల్లగొండలో కూలి మనిషి కావాలనగానే ముందుకొచ్చినవాడు దుర్గయ్య. ఫొటోలు పట్టే గాజు పలకల పెట్టె మోస్తాడు. రాయి పక్కన నిలబడతాడు. పోలీసులు ఆపితే ఐలేశం వెనక ఒదిగి నిలబడతాడు. నవ్వడు మాత్రం. నోటికి అడ్డంగా ఎప్పుడూ ఎర్రంచు తువ్వాల.

"నువ్వులన్న నయం, గానుగల ఏస్తె నూనె ఇస్తయి. నువ్వేందే, ఎంత పిండినా నవ్వు రాల్చవు!"

"జల్ది తియ్యన్నా, పొద్దు గూకుతాంది."

ఐలేశానికి ఇది కూలి ఎగ్గొట్టినదానికంటే పెద్ద అవమానంగా ఉండేది.

పరదేశి రాతలో ఒక మజిలీ దగ్గర మామిడి తోపు, సత్రం, బాటసారులకు చల్ల పోసే ఆడవాళ్లు ఉన్నారు. ఐలేశం వెళ్లేసరికి అక్కడ ఉన్నవి నల్లబడ్డ మొండిగోడలు. రజాకార్లు ఒకసారి తగలబెట్టారు. కమ్యూనిస్టు దళాల కోసం వచ్చిన పోలీసులు మిగిలినదాన్ని తిరగేశారు. అతను కెమెరా నిలబెట్టి నల్లగుడ్డ కప్పుకోగానే బిక్షమ్మ అనే ముసలామె వచ్చి అడిగింది.

"గిప్పుడు ఎవలు సచ్చిండ్రు బిడ్డా?"

"సచ్చుడేందవ్వా! నేను తీసేది ఫొటో, పానం కాదు."

"మా ఊర్ల గా డబ్బ పీనుగులకే పెట్టిండ్రు. కాల్చి, వరసగ పండవెట్టి తీసిండ్రు. నా కొడుకుది గూడ. గది నీ తాన ఉన్నదా? ఒక్కసారి చూసుకుంట."

ఐలేశం నల్లగుడ్డలోనే ఉండిపోయాడు. ఆ సాయంత్రం దుర్గయ్య మీద ఒక్క ఛలోక్తి కూడా వేయలేదు.

ఆఖరి మజిలీ నందికొండ దగ్గర కృష్ణ ఒడ్డు. అక్కడినుంచి పుట్టిలో ఏరు దాటి అవతలికి పోతానన్నాడు దుర్గయ్య. ఇక మిగిలింది ఒక్క ఫొటో. ఐలేశంలో పాత పట్టుదల మళ్లీ లేచింది. ఒడ్డున ఒకామె సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంది.

"దుర్గయ్యా, పండ్లు చూపియ్యే!"

"గంపల ఉన్నయి కదనే?"

"గవి గావు, నీ నోట్లయి! బేరం చెయ్యనులే, చూసి పోత!"

దుర్గయ్య పగలబడి నవ్వాడు. తువ్వాల జారింది. పైపన్ను ఒకటి సగం విరిగి ఉంది. ఐలేశం మీట నొక్కాడు.

నవ్వు టక్కున ఆగింది. "అన్నా, గది గూడ తీసినవా?"

"తియ్యనా మరి? గదే అసలు వజ్రం!"

దుర్గయ్య పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఎత్తి నీళ్లలో పడేస్తాడా అన్నట్టుంది వాలకం. చివరకు తువ్వాల విప్పి, దుమ్ము చొరబడకుండా పెట్టె చుట్టూ కట్టి, పుట్టి ఎక్కాడు.

గట్టు మీదే పోలీసు క్యాంపు. జమేదారు ఐలేశాన్ని ఆపాడు.

"నీ ఎంబడి కూలోడు ఉండె గద, ఏడి?"

"కూలి తీరింది సారూ, పోయిండు."

"దళం నడిపినోడొకడు ఇటుదిక్కే వచ్చిండట. వాని మొగం ఎవ్వలికీ ఎరుకలేదు. మీది పన్ను విరిగింది, గదొక్కటే గుర్తు. కండ్లవడితె కాల్చుడే. నీ ఫొటోలల్ల కూలోడు గిట్ల ఉన్నడా? తే, నల్లగొండల కడిగిపిస్త."

ఐలేశం పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. నల్లగొండ నుంచి ఫొటో ఫొటోలో దుర్గయ్యే. ఆఖరిదాంట్లో పన్ను. అందరినీ నవ్వించే తన గొప్ప ఒక మనిషిని వరసలో పడుకోబెట్టబోతోంది. బిక్షమ్మ ముఖం కళ్లముందు నిలిచింది. చీకటిగదిలో మందుతో కడగకముందు ఆ గాజు పలకలకు వెలుతురు సోకిందా, బొమ్మ గల్లంతే. ఆ సంగతి ఐలేశానికి తెలిసినంతగా జమేదారుకు అప్పటికి తట్టలేదు.

"నల్లగొండ దాక ఎందుకు సారూ, గిప్పుడే సూడుండ్రి!"

మిట్టమధ్యాహ్నపు ఎండలో తువ్వాల విప్పి, పెట్టె మూత తెరిచాడు. నల్లకాగితాలు చింపాడు. పలకలన్నీ ఒక్కొక్కటిగా నేల మీద పరిచాడు.

"ఏదిరా బొమ్మ?"

"అరెరె! ఎండ తగిలెనే! ఆగమైపాయెనే!"

జమేదారుకు అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత పొట్ట పట్టుకున్నాడు. "ఫొటోలు తీసేటోడట! వడియాల లెక్క ఎండవెట్టిండు!" క్యాంపు క్యాంపంతా విరగబడి నవ్వింది.

ఐలేశం బతుకులో అంత పెద్ద నవ్వు ఎన్నడూ రాబట్టలేదు. గోల్కొండ నుంచి కృష్ణదాకా నడిచిన బాటంతా కాళ్ల దగ్గర మీగడ రంగులో తెల్లగా పడి ఉంది. ఏటి వైపు చూడాలని ప్రాణం కొట్టుకున్నా తల తిప్పలేదు. పళ్లు టకటక కొట్టుకుంటుంటే, పెట్టె పక్కన పడ్డ ఎర్రంచు తువ్వాల తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.