భానుకు వచ్చిన రెండు సీట్లు

ఆ జూన్‌లో భానుకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి హైదరాబాద్‌లోని పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో, మ్యాథమెటిక్స్. రెండోది నగరం దాటాక పొలాల మధ్య కొత్తగా కట్టిన చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో, అదే మ్యాథమెటిక్స్. ఇంటర్ మార్కులు చూసి ప్రైవేటు వాళ్లు చదువు, హాస్టల్ అన్నీ ఉచితమన్నారు. కాబట్టి ఖర్చు పేరు చెప్పి దేన్నీ కాదనే వీలు లేకపోయింది.

ములకలపల్లి దగ్గర అడవి అంచున ఉన్న తండా వాళ్లది. తండ్రి బలరాం ఆర్టీసీ కండక్టర్. ఇరవై రెండేళ్లుగా భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం బస్సుల్లో అరిచి అరిచి ఆయన గొంతు పెద్దదైపోయింది. అన్నంలోకి ఉప్పు అడిగినా ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాణ్ని లోపలికి రమ్మన్నట్టే అడిగేవాడు. తల్లి సరళ కూడా వాకిట్లో నుంచే పెరట్లో వాళ్లకు వినపడేలా మాట్లాడే మనిషి. అలాంటి ఇంట్లో పెరిగింది కాబట్టి భానుకు ఎడమ చెవి అసలు వినపడదనీ, గోల ఉంటే కుడి చెవి కూడా సరిగా పనిచేయదనీ ఎనిమిదేళ్లుగా ఎవరూ కనిపెట్టలేదు.

పదేళ్లప్పుడు జ్వరం వచ్చి చెవిలో చీము పట్టింది. చీము తగ్గింది గానీ వినికిడి తిరిగి రాలేదు. మొదట్లో చెప్పడానికి భయపడింది. తర్వాత, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారని భయపడింది. గురుకులంలో ఎప్పుడూ ముందు బెంచీలో, ఎడమ గోడకు ఆనుకుని కూర్చునేది. లెక్కల మీద ఇష్టం కలగడానికి అదీ ఒక కారణం. మిగతా పాఠాలు టీచర్ నోట్లో ఉండేవి, లెక్కలు బోర్డు మీద ఉండేవి.

రెండూ కళ్లతో చూసి తేల్చుకుందామని బలరాం సెలవు పెట్టి కూతుర్ని హైదరాబాద్ తీసుకెళ్లాడు.

పెద్ద యూనివర్సిటీ గేటు దాటగానే ఆయన నడక మారిపోయింది. చెట్ల కింద పుస్తకాలు పరుచుకున్న పిల్లలను, పాత భవనాలను ఆగి ఆగి చూశాడు. "ఒక్క లైబ్రరీలనే మన తండా మొత్తం పడ్తది బిడ్డా," అన్నాడు. చేరబోయే వాళ్లను ఒక క్లాసులో కూర్చోనిచ్చారు. నూట ఇరవై మంది. పైన వరసగా ఫ్యాన్లు. భానుకు మధ్యలో ఎక్కడో చోటు దొరికింది. సారు మాటలు ముక్కలు ముక్కలుగా అందాయి. అందరూ నవ్వినప్పుడు ఆమె కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

మర్నాడు చిన్న యూనివర్సిటీకి వెళ్లారు. ముప్పై కుర్చీలు, కిటికీలు మూసిన ఏసీ గది. పాఠం చెప్పే మేడమ్ పిల్లల మధ్య తిరుగుతూ మాట్లాడింది. భానుకు ప్రతి మాటా వినిపించింది.

బయటికి రాగానే, "బాపూ, నేను ఈడనే చదువుకుంట," అంది.

బలరాం ముఖం చిన్నబోయింది. "ఎందుకే?"

"హాస్టల్ మంచిగున్నది. బాత్రూములు నీట్‌గున్నయి."

"బాత్రూములు చూసి చదువు ఎంచుకుంటరా ఎవలన్న?"

భాను ఇంకో కారణం కోసం వెతుక్కుంది.

మూడో రోజు పొద్దున్నే ఖమ్మం బస్సెక్కారు. భాను కిటికీ దగ్గర, బలరాం ఆమెకు ఎడమవైపు. సూర్యాపేట దాటాక ఆయన మాట్లాడాడు. ఎప్పుడూ లేనిది చాలా నెమ్మదిగా, ముందు సీటు వంక చూస్తూ, చాలాసేపు మాట్లాడాడు. భానుకు ఇంజను మోత తప్ప ఏదీ వినపడలేదు. ఆయన పెదవులు కదలడం ఓరగా చూసి అప్పుడప్పుడు తల ఊపింది. చివరికి ఆయన ఆమె వైపు తిరిగి ఏదో అడిగాడు. ఆమె చిన్నగా నవ్వి, "అవ్ బాపూ," అంది.

ఆ నవ్వును బలరాం గుర్తుపట్టాడు. ఎక్కడికెళ్లాలని అడిగితే ఊరి పేరు చెప్పకుండా అలాగే నవ్వి తల ఊపే ముసలివాళ్లను ఆయన రోజూ బస్సులో చూస్తాడు. వాళ్లకు వినపడదు, వినపడదని చెప్పుకోలేరు.

ఆయన లేచి, ఇటు జరగమని ఆమెకు సైగ చేసి కిటికీ వైపు కూర్చున్నాడు. ఇప్పుడు ఆమె కుడి చెవి ఆయన పక్కనుంది.

"నేనిప్పుడు ఏమడిగిన?"

భాను మళ్లీ నవ్వబోయి ఆగిపోయింది.

"మీ బాపు పిరికోడా అని అడిగిన. నువ్వు అవ్ అన్నవు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా జ్వరం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది.

"ఎనిమిదేండ్లా? ఇంట్ల ఎందుకు చెప్పలే బిడ్డా?"

"ఇంట్ల ఇనపడ్తది బాపూ. మీరందరు గట్టిగ మాట్లాడ్తరు గద."

బలరాం నవ్వబోయాడు. కుదరలేదు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

కాసేపటికి భానే అడిగింది. "ఇందాక చెప్పింది మళ్ల చెప్పు."

ఆయన మళ్లీ చెప్పాడు. పాతికేళ్ల కింద ఆయనకూ అదే పెద్ద యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఇంటి ఇబ్బందుల వల్ల చదువు మానేశానని అందరికీ చెప్పుకున్నాడు.

"అది అబద్ధం. క్లాసు మొత్తం ఇంగ్లీషు. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. అడగనీకి సిగ్గు. మూడు నెలలు ఎనక బెంచీల కూసొని తలకాయ ఊపిన. నాలుగో నెల బ్యాగు సర్దుకొని వచ్చేసిన. మీ యాడికి, కట్టుకున్నదానికి కూడ తెల్వదు. గందుకే నువ్వన్న ఆడ చదవాలని ఉండె నాకు."

భాను ఆయన చెయ్యి పట్టుకుంది. ఖమ్మం వచ్చేదాకా వదల్లేదు.

బస్టాండ్ నుంచి నేరుగా చెవుల దవాఖానాకు వెళ్లారు. ఎడమ చెవికి వినికిడి ఇక రాదన్నాడు డాక్టర్. కుడి చెవికి మిషన్ పెట్టించుకోవచ్చు, కానీ అది గోలను కూడా పెద్దగా చేస్తుందన్నాడు. ఇంటికొచ్చాక సంగతి విని సరళ అరుగు మీద కూలబడింది. "తల్లినై ఉండి నేను చూసుకోకపోతి," అంది. ఆ తర్వాత ఏం చెప్పాలన్నా కూతురి కుడివైపుకు నడిచి వచ్చి చెప్పేది. గొంతు మాత్రం తగ్గించలేదు.

చేరడానికి వారం గడువుంది. "నా ముచ్చట పక్కకు పెట్టు. నీకేది మంచిదో నువ్వే చెప్పు," అన్నాడు బలరాం.

మిషన్ పెట్టుకుని ఇంకోసారి పెద్ద యూనివర్సిటీకి వెళ్లొస్తానంది భాను. వెళ్లి, మ్యాథమెటిక్స్ హెడ్ మేడమ్‌ను కలిసి తన చెవి సంగతి తానే చెప్పింది. ఇంటివాళ్లకు, డాక్టర్‌కు కాక బయటి మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు.

మేడమ్ సూటిగా మాట్లాడింది. "నా క్లాసులో ముందు బెంచీ నీకు ఉంచుతాను. అంతా బోర్డు మీద రాస్తాను. మిగతా వాళ్ల తరఫున నేను మాటివ్వలేనమ్మా. క్లాసులు పెద్దవి. కొందరు రాస్తారు, కొందరు రాయరు. ఎమ్మెస్సీకి వస్తే వేరు, అక్కడ ముప్పై మందే ఉంటారు."

భాను ముందు బెంచీలో కూర్చుని ఒక క్లాసు మొత్తం విన్నది. ఈసారి సారు వేసిన జోకు అర్థమైంది. నిజంగానే నవ్వింది. కానీ వెనక నుంచి పిల్లలు అడిగే ప్రశ్నలు అందలేదు, ఫ్యాన్ల మోతకు తల నొప్పి పుట్టింది. క్లాసు అయ్యాక చెట్టు కింద చాలాసేపు కూర్చుంది. వెంట వచ్చిన బలరాం పక్కనే కూర్చున్నాడు.

"ఈ లైబ్రరీ ఇడిసిపెట్టాలంటే మనసొప్పుతలేదు బాపూ. కని సగం సగం ఇనుకుంట మూడేండ్లు ఉండలేను. ఇప్పుడు చిన్నదాంట్ల చేరుత. ఎమ్మెస్సీకి ఈడికొస్త."

బలరాం ఎదురుగా ఉన్న భవనాన్ని కాసేపు చూశాడు. "సరే బిడ్డా. జల్దీ పోదాం పా, రేపు సాయంత్రం దాకే టైమున్నది," అన్నాడు.

డ్యూటీలో చేరిన రోజు డ్రైవర్ మంగీలాల్ అడగనే అడిగాడు. "అంత పెద్ద యూనివర్సిటీ ఇడిసిపెట్టి గా చిన్నదాంట్ల ఏసినవేందన్నా?"

"మా బిడ్డకు ఒక చెవి ఇనపడదు. ఆడైతే పాఠం ఇనపడ్తది," అన్నాడు బలరాం. మంగీలాల్ జాలిగా ఏదో అనబోతే, "మంచి మార్కులు తెచ్చుకున్నదిలే," అని రైట్ చెప్పాడు.

ఆగస్టు మొదట్లో భాను క్లాసుకు కొత్త సారు వచ్చాడు. బోర్డు వైపు తిరిగే మాట్లాడే అలవాటు ఆయనది. రెండు రోజులు చూసి మూడో రోజు భాను లేచి నిలబడింది.

"సార్, నాకు వినపడదు. ఇటు తిరిగి చెప్తారా?"

ఆయన తిరిగాడు. లెక్క మొదటి నుంచి మళ్లీ చెప్పాడు. భాను కూర్చుని రాసుకుంది.