టవర్ కిటికీలో పసుపు గడి

గోపాలును జైలుకు పంపింది ఉబేద్ వేసిన బొమ్మ.

ఉబేద్ ఖమ్మంలో సైన్‌బోర్డులు రాస్తాడు. అడవి వాచర్ బాలకృష్ణ అతని చిన్ననాటి దోస్తు. ఆ ఎండాకాలం బాలకృష్ణే పిలిచాడు.

"భాయ్, చండ్రుగొండ అడవిల మా వాచ్ టవర్ బొమ్మ ఎయ్యి. పొద్దుగూకినంక చూడాలె దాని అందం. కింద వాగు కాడ కూసో, మంచిగ కనపడ్తది."

ఉబేద్ అక్కడే కూర్చుని వేశాడు. ఆకులు లేవు, కొమ్మలు లేవు. చెట్లంటే నల్లటి పట్టీలు. ఆకాశం ఒకే నీలం దిమ్మ. నడుమ సన్నగా టవర్, దాని తలలో ఒక పసుపు గడి. మనిషిని వెయ్యలేదు. ఆ లాంతరు వెలుగే ఒంటరిగా కూర్చున్న తన దోస్తు అనుకున్నాడు.

అదే రాత్రి దొంగలు టేకు చెట్లు నరికారు. వెన్నెల్లో పక్క ఊరి గోపాలు దుంగలు మోస్తుంటే టవర్ మీంచి చూశానన్నాడు బాలకృష్ణ. అతను నిజంగా పైనే ఉన్నాడా అని రేంజర్ అడిగితే, ఉబేద్ తన బొమ్మ చూపించి మరీ ప్రమాణం చేశాడు.

"ఉన్నడు సార్. దీపం ఒక్కసారి గూడ ఆరలే."

వానలు పడ్డాక, అడవిని పైనుంచి వెయ్యాలని ఉబేద్ మొదటిసారి టవర్ ఎక్కాడు. వెన్నెల వచ్చింది కానీ డబ్బాల్లో రంగులు తెలియడం లేదు. లాంతరు వెలిగించాడు.

అడవి మాయమైంది. కిటికీ అవతల అంతా నలుపు.

ఊది ఆర్పాడు. కాసేపటికి వాగు కనిపించింది, బాట కనిపించింది, బాట మీద ఎద్దుబండి కూడా. మళ్లీ వెలిగించాడు. మళ్లీ నలుపే.

దీపం పక్కన కూర్చున్నవాడికి గోపాలు ఎలా కనిపించాడు?

నిచ్చెన కిర్రుమంది. బాలకృష్ణ తల పైకి వచ్చింది.

"ఆ రాత్రి దీపం పెట్టి యాడికి పోయినవ్ బాలన్నా?"

బాలకృష్ణ నవ్వాడు. "దుంగలు లారీకి ఎవడు ఎక్కియ్యాలె మరి?"

"నన్నెందుకు పిలిచినవ్?"

"వేరేటోడైతే పైకెక్కి చూస్తుండె. నువ్వు దోస్తువి. నమ్ముతవ్."

"రేంజర్ సార్‌కు చెప్త."

"చెప్పు. దొంగ సాక్ష్యం ఇచ్చిందెవరు? జైల్ల గోపాలు పక్కన జాగా ఉన్నది, పో."

ఉబేద్ నిచ్చెన దిగాడు.

తెల్లారి రేంజ్ ఆఫీసు గుమ్మంలో గోపాలు భార్య పుల్లమ్మ భర్త విడుదల కోసం ఎప్పటిలాగే కూర్చుని ఉంది. లోపల ఉబేద్ అంతా చెప్పేసరికి రేంజర్ మండిపడ్డాడు.

"ఇప్పుడు మాట మారిస్తే కేసు నీ మీద పడ్తది. తెలుసా?"

"పడనీ సార్. ముందు ఆ అక్కకు చెప్పున్రి, వాళ్లాయన ఎప్పుడొస్తడో."