కొండవాళ్ళ స్వారీ

రేసుకోర్సులో ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. నిజానికి ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. పందేలు కాసేవాళ్ళ కోసం వారానికోసారి వచ్చే చిన్న పుస్తకంలో ఇరవై రెండేళ్ళుగా ఒకటే శీర్షిక రాస్తున్నాడు: ఏ ప్రాంతపు గుర్రం ఎలా పరిగెడుతుంది, ఎందుకలా పరిగెడుతుంది. గేటు దగ్గర పుస్తకం కొన్నవాడు ముందు చివరి పేజీ తిప్పి మాస్టారి మాట చదివి, ఆ తర్వాతే గుర్రాల జాబితా చూసేవాడు. ఇన్నేళ్ళు ఇలా నడిస్తే ఎవరికైనా కాస్త తలకెక్కుతుంది. మాస్టారికి బాగానే ఎక్కింది.

ఆయన లెక్కలో లోకంలో మూడే రకాల స్వారీలున్నాయి. సముద్రం వైపు వాళ్ళు తడి ఇసుకలో గుర్రాల్ని తోలుతారు. ఆ గుర్రాలకి కాళ్ళు గట్టి, ఓపిక తక్కువ. గేటు తెరవగానే ముందుకి దూకేస్తాయి, జాకీలు మెడ మీద వాలిపోయి కూర్చుంటారు. మైదానం వాళ్ళకి చేతులూ కొరడా ఎక్కువ. సగం దూరం నుంచే గుర్రాన్ని అదిలిస్తూ వస్తారు. ఇక కొండవాళ్ళు. ఎగువ దారిలో సాధన చేయించడం వల్ల వాళ్ళ గుర్రాలకి ఊపిరి ఎక్కువ. జాకీ కదలడు, మెదలడు, నిద్రపోతున్నాడా అనిపిస్తాడు. అందరికంటే వెనక వచ్చి, చివరి మలుపు దాటాక బయటి వైపు నుంచి ఒక్కొక్కరినీ దాటేస్తాడు. పందెం కాసేవాడు మధ్యలో గుండె ఆగి చావకపోతే చివరికి గెలుస్తాడని మాస్టారు రాసేవాడు.

ఇంత చెప్పిన మనిషి కొండ మీది లాయం ఒక్కసారి కూడా చూడలేదు. సముద్రం వైపు కూడా వెళ్ళలేదు. అన్నీ రేసుకోర్సులో తన చోటు నుంచి చూసి పట్టుకున్నవే. ఆ చోటు చివరి రెండు వందల గజాల గుర్తు ఎదురుగా, కంచెని ఆనుకుని ఉంటుంది. గుర్రాలు చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నుంచి వెళ్తాయి. అక్కడ నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు, అందరూ గెలుపు గీత దగ్గరే గుమిగూడతారు. మాస్టారికి మాత్రం కళ్ళే ఆస్తి. గుర్రం చెవి కదిలినా కనిపెట్టేవాడు.

ఆ ఆదివారం నాలుగో పందెంలో కొండ మీద నుంచి వచ్చిన బూడిదరంగు ఆడగుర్రం ఒకటి పరిగెత్తింది. జాకీ ఒక అమ్మాయి. సన్నగా, తేలిగ్గా ఉంటుందని అందరూ పిట్ట అనేవారు. ఆ గుర్రానికి ట్రెయినరు ఆమె తండ్రే. ఆ వారం మాస్టారు తన శీర్షికలో ఒకటే వాక్యం పెద్ద అక్షరాల్లో వేయించాడు: కళ్ళు మూసుకుని బూడిదరంగు మీద కాయండి.

అంతా ఆయన రాసినట్టే జరిగింది. బూడిదరంగు వెనకే వచ్చింది, మలుపు దగ్గర బయటికి జరిగింది, ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ వచ్చింది. "వస్తోంది, వస్తోంది, చెప్పానా!" అని మాస్టారు కంచె మీద అరచేత్తో కొట్టాడు. సరిగ్గా ఆయన ముందే గుర్రం ముందరి ఎడమకాలు నేల మీద తప్పుగా పడింది. తల ఒక్కసారి కిందికి ఊగింది. తన చేతి వేళ్ళు చూసుకున్నంత స్పష్టంగా చూశాడాయన. ఆ తర్వాత పిట్ట జీను మీద నుంచి లేచి, రికాబుల మీద నిలబడి పగ్గాలు వదులు చేసింది. గుర్రం నెమ్మదించి అయిదోదిగా గీత దాటింది.

మాస్టారు గీత దగ్గరికి వచ్చేసరికి జనం ఆయన కోసమే కాచుకుని ఉన్నారు.

"కళ్ళు మూసుకుని కాయమన్నారుగా మాస్టారూ, మూసుకునే ఉన్నాం. ఇక తెరవమంటారా?" అన్నాడొకడు. అందరూ గొల్లున నవ్వారు. టీ అమ్మేవాడు కూడా నవ్వాడు. ఇరవై రెండేళ్ళలో టీ అమ్మేవాడు ఆయన్ని చూసి నవ్వడం అదే మొదటిసారి.

"గుర్రానిదేం తప్పు?" అన్నాడు మాస్టారు. మాట దానంతటదే వచ్చేసింది. "ఆ పిల్ల కావాలని ఆపేసింది. చూళ్ళేదా మీరు? గెలిచే గుర్రం మీద లేచి నిలబడింది!"

నవ్వు టక్కున ఆగింది. కోపం ఆయన మీద నుంచి పిట్ట మీదికి మళ్ళింది. పది నిమిషాల్లో ఆ మాట స్టాండు మొత్తం చుట్టి వచ్చింది, మాస్టారు చెప్పారట అన్న తోకతో సహా. అప్పుడైనా "కాదు, కాలు తప్పింది" అని ఉండచ్చు. అనలేదు. ఆ నిమిషంలో తనని చూసి ఎవరూ నవ్వడం లేదన్న హాయి ఒకటి ఉంది చూశారూ, దాన్ని వదులుకోలేకపోయాడు. మనిషి ఎంత చవగ్గా అమ్ముడుపోతాడో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ రాత్రి అన్నం దగ్గర భార్య అడిగింది. "పాపం, ఆ పిల్ల అలా ఎందుకు చేసిందండీ? మీరు దగ్గర్నుంచే చూశారుగా."

"చూశాను," అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

నోటితో అన్నదాన్ని చేత్తో రాయక తప్పలేదు. బుధవారం వచ్చిన పుస్తకంలో, చివరి మలుపు దాటాక ఆగడమన్నది కొండ పద్ధతిలోనే లేదనీ, ఆదివారం మనం చూసింది స్వారీ కాదు, బేరమనీ రాశాడు. గురువారం రేసుకోర్సు పెద్దల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పిట్ట మీద విచారణ పెట్టారు, నేరం రుజువైతే లైసెన్సు రద్దు. కొండ పద్ధతి తెలిసిన నిపుణుడిగా సోమవారం వచ్చి మాట్లాడాలని మాస్టారిని పిలిచారు.

"వెళ్ళే ముందు ఒకసారి కొండకి వెళ్ళి చూసి రండి మాస్టారూ," అన్నాడు పుస్తకం యజమాని. "నా కళ్ళతో చూసి వచ్చానంటే మాటకి బరువుంటుంది."

శనివారం పొద్దున్న బస్సు దిగి, చివరి మైలు నడిచి, మాస్టారు మొదటిసారి కొండ మీది లాయం ముందు నిలబడ్డాడు. గడ్డి వాసన, తడి తోలు వాసన. పన్నెండు గదులు, పన్నెండు తలలు బయటికి పెట్టి చూస్తున్నాయి. ట్రెయినరు చీపురు పక్కన పడేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. తిడతాడని, మెడ పట్టి గెంటుతాడని మాస్టారు సిద్ధపడే వచ్చాడు.

"మాస్టారూ! మీరా! ఇంత దూరం మా కోసం వచ్చారా!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు ఆయన.

జీనులు పెట్టే గదిలోకి తీసుకెళ్ళాడు. ఒక గోడంతా కత్తిరించి అంటించిన కాగితాలు. అన్నీ మాస్టారి శీర్షికలే. పాతవి పచ్చబడి అంచులు ముడుచుకున్నాయి. కింద కొన్నిచోట్ల పెన్సిలుతో గీతలున్నాయి.

"మమ్మల్ని అందరూ నిద్రమొహాలనేవారు. మేం చేసేది కూడా ఒక విద్యే అని బయటివాళ్ళకి చెప్పింది మీరొక్కరే. మా అమ్మాయి అక్షరాలు కూడబలుక్కుంది ఈ గోడ దగ్గరే," అన్నాడు ట్రెయినరు. తర్వాత గొంతు తగ్గించి, "మొన్నటి ముక్క మీరు రాసింది కాదులెండి. ఎవరో రాసి మీ పేరు పెట్టేశారు. మా ఇంట్లో ఒక్కరం కూడా నమ్మలేదు," అన్నాడు.

మాస్టారు గోడ వైపు చూస్తూ తలాడించాడు. ఆ తలాడింపు తర్వాత చాలా రోజులు ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

ట్రెయినరు సాధన చేయించే దారి చూపించాడు. రెండు గుర్రాలు పక్కపక్కన పట్టని దారి. ఒక పక్క రాతి గోడ, మరో పక్క ఏమీ లేదు, కింద ఎక్కడో చెట్ల తలలు. మాస్టారు గోడకి దగ్గరగా జరిగాడు.

"కదలకుండా ఎందుకు కూర్చుంటామో ఇప్పుడు తెలిసిందా?" అని నవ్వాడు ట్రెయినరు. "ఇక్కడ జాకీ ఊగితే గుర్రం ఊగుతుంది. మా దగ్గర పిల్లలకి కొరడా పట్టుకోవడం కంటే ముందు జీను మీద నుంచి లేవడం నేర్పుతాం. అడుగులో తేడా తెలిసిందా, అంతే, బరువు తీసెయ్యాలి, పగ్గాలు వదలాలి. ముందు పందెం ఉన్నా సరే, రాజుగారున్నా సరే. లేకపోతే ఇద్దరూ కిందే."

ఇరవై రెండేళ్ళు రాసిన కొండ పద్ధతిలో అసలు సంగతే తనకి తెలియదని మాస్టారికి అప్పుడు అర్థమైంది. అందుకు సిగ్గుపడ్డాడు గానీ, ఆ సిగ్గు పెద్దది కాదు. తెలియకపోవడం వేరు. కాలు తప్పడం మాత్రం తెలిసిందిగా.

బూడిదరంగు గది దగ్గర పిట్ట గుర్రం కాలికి తడిగుడ్డ చుడుతోంది. తలెత్తి, "రండి మాస్టారూ," అని మళ్ళీ పనిలో పడింది. మోకాలి కింద వాపు ఇంకా తగ్గలేదు.

"డాక్టరు కాగితం ఇచ్చాడు," అన్నాడు తండ్రి. "కానీ వాపు సోమవారం పొద్దున్న బయటపడింది. దారిలో లారీలో తగిలి ఉండచ్చు కదా అంటున్నారు పెద్దలు. కెమెరా గీత దగ్గరుంది, దానికి కాళ్ళు కనబడవు. ముందు కాలు తప్పింది, ఆ తర్వాతే మా అమ్మాయి లేచిందని చూసినవాళ్ళు ఒక్కరు చెప్పినా చాలు. అంత దగ్గర్నుంచి చూసేవాళ్ళెవరుంటారు?"

పిట్ట తలెత్తలేదు. మాస్టారు బస్సుకి వేళయిందని చెప్పి వచ్చేశాడు.

సోమవారం విచారణ గదిలో పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు పెద్దలు, ఇవతల కుర్చీల్లో తండ్రీ కూతుళ్ళు. ట్రెయినరు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మాస్టారు లోపలికి రాగానే ఆయన మొహం విప్పారింది, కూతుర్ని మోచేత్తో పొడిచాడు. మాస్టారికి అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఆయన ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చాడు. పరువు పోకుండా పిల్లని గట్టెక్కించే ఉపాయం. కొండ దారి గురించి, జీను మీద నుంచి లేవడం నేర్పడం గురించి బాగా చెప్పాడు. చివర్లో, "నేను తొందరపడి పొరపాటు రాసి ఉండచ్చు. ఆమె ఏదో తేడా గమనించే లేచి ఉండచ్చు," అన్నాడు.

మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఉండచ్చు అంటే మేం ఏం రాసుకోవాలండీ? కావాలని ఆపడానికీ గుర్రాన్ని కాపాడడానికీ జాకీ చేసేది ఒకటే పని, లేచి నిలబడడం. ముందు కాలు తప్పిందా లేదా అన్నదే ప్రశ్న. చూసినవాళ్ళు లేరు. మీరు చూశారా?"

చూడలేదంటే అక్కడితో అయిపోతుంది. మాస్టారు పొరపాటుపడ్డ పెద్దమనిషిగా ఇంటికెళ్తాడు, పిట్ట లైసెన్సు లేని జాకీగా కొండెక్కుతుంది. ట్రెయినరు ఆశగా ఆయన నోటివైపే చూస్తున్నాడు.

"చూశాను," అన్నాడు మాస్టారు. "చూశానండీ. నా ముందే. ముందరి ఎడమకాలు. తల కిందికి ఊగింది. ఆ తర్వాతే ఆమె లేచింది."

"ఆ రోజే చూశారా?"

"ఆ రోజే."

"మరి ఇదేమిటి?" పెద్దాయన బుధవారం నాటి పుస్తకాన్ని చివరి పేజీ తెరిచి బల్ల మీద ముందుకి తోశాడు. "ఇది మీరు రాసిందేనా?"

ట్రెయినరు కుర్చీలో ముందుకి వంగాడు. ఇప్పుడు కాదంటాడని ఆయన ఎదురుచూస్తున్నాడు.

"నేనే రాశాను. నా మాట తప్పయిందని జనం నవ్వారు. ఆ నవ్వు నా మీద నుంచి పోవడానికి రాశాను."

మాస్టారు పక్కకి చూడలేదు. అయినా ట్రెయినరు మెల్లగా వెనక్కి వాలడం, కుర్చీ కిర్రుమనడం వినబడ్డాయి. మొహాన ఉమ్మేసినా అంతకంటే నయంగా ఉండేది.

కేసు కొట్టేశారు. పిట్ట లైసెన్సు ఎప్పటిలాగే ఉంటుందని గుమస్తా చదివి వినిపించాడు. మాస్టారి శీర్షిక గురించి ఏం చెయ్యాలో తర్వాత తేలుస్తామన్నారు. ఆయన వినిపించుకోలేదు. ఎవరి కంటా పడకుండా మెట్లు దిగి పోదామనుకున్నాడు. ట్రెయినరు ఆయన పక్కనుంచే, ఖాళీ గోడ పక్కనుంచి నడిచినట్టు వెళ్ళిపోయాడు. పిట్ట మాత్రం ఆగింది.

మాస్టారు తల వంచుకున్నాడు. తిట్టమ్మా, నాలుగు తిట్టు, అనుకున్నాడు.

"అది ఎక్కడ చూశారు మాస్టారూ?" అందామె. "సరిగ్గా ఎక్కడ?"

"రెండు వందల గజాల గుర్తు దగ్గరమ్మా. దాన్ని దాటబోతుండగా."

పిట్ట మొహం పాలిపోయింది. కుడిచేతి వేళ్ళు పగ్గం పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. మనసులో ఆ పందెం మళ్ళీ పరిగెత్తుతోందని చూస్తే తెలుస్తోంది.

"నాకు గుర్తు దాటాక తెలిసింది," అంది చివరికి. "అయితే తప్పిన కాలి మీద దాన్ని రెండడుగులు తోలానన్నమాట. పాపం, నోరు లేనిది. నాకంటే ముందు మీకు తెలిసింది." కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఆలస్యం చేశాను మాస్టారూ. ఈ సంగతి నాన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"