అంచుదాకా వెళ్లొచ్చినవి

మహబూబ్ ఆటో చప్పుడు వినపడగానే బ్రహ్మానందం స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిరప పండిస్తున్నవాడు, కారంపూడి సెంటర్లో ఎవరితోనైనా నోరేసుకుని నెగ్గుకొచ్చేవాడు, ఒక ఆటో తోలేవాడికి మొహం చాటేసి బకెట్టు పక్కన నిలబడ్డాడు. ఏం చెప్పాలి ఇలాంటి మనిషికి!

"బాబాయ్ లేడా పిన్నీ?" అని బయట మహబూబ్ అడిగాడు.

"ఉన్నాడయ్యా, నీళ్లు పోసుకుంటన్నాడు," అంది అతని భార్య మహాలక్ష్మి. లోపల చుక్క నీళ్ల చప్పుడు కూడా లేదని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. అతను కూతురి పెళ్లి శుభలేఖ ఆమె చేతిలో పెట్టి, "బాబాయ్‌ని తప్పకుండా రమ్మను," అని చెప్పి వెళ్లిపోయాడు.

సంగతేమిటంటే, మూడేళ్ల కిందట నల్ల తామరపురుగు తోటంతా ఊడ్చిపెట్టినప్పుడు బ్రహ్మానందం చేలోనే పురుగుమందు తాగాడు. అటుగా పోతున్న మహబూబ్ చూసి, ఆటోలో ఉన్న జనాన్ని దింపేసి, ఇతన్ని వేసుకుని నరసరావుపేట ఆసుపత్రికి పరుగెత్తించాడు. ఆ పుణ్యాన బతికాడు. బతికించినవాడికి మాత్రం ఇవాల్టిదాకా ఒక్క మంచి మాట చెప్పలేదు. చెప్పాలంటే ఆ రోజు సంగతి ఎత్తాలి. ఎత్తాలంటే సిగ్గుతో ప్రాణం చచ్చేది. అందుకని మహబూబ్ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాడు.

"ఆదివారం ఆ పెళ్లికి పోకపోతే నువ్వు మనిషివే కాదు," అంది మహాలక్ష్మి.

"నువ్వూ అమ్మాయీ పోండి. నాకు ఒంట్లో బాగాలేదు."

"ఒంట్లో బానే ఉంది. నోట్లోనే మాట లేదు. పేట పోయి అమ్మాయినన్నా తీసుకురా."

వాళ్లమ్మాయి జాహ్నవి నరసరావుపేటలో ఒక కాలేజీలో పండు ఈగల మీద పరిశోధన చేస్తోంది. "పురుగులతో మేం వేగలేకపోతుంటే నువ్వు వాటిని పెంచుతున్నావా తల్లీ," అని బ్రహ్మానందం మొదట్లో వేళాకోళం చేసేవాడు. శనివారం అతను వెళ్లేసరికి ఆమె చీకటి గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని ఉంది. దాని కింద బతికున్న ఈగ పిల్ల, ఇంకా రెక్కలు రాని తెల్ల పురుగు. దాని లోపలి కణాలు పక్కనున్న తెర మీద కనిపిస్తున్నాయి. చీకట్లో కొన్ని ఎర్రగా, కొన్ని ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

"ఏందమ్మా ఇది?"

"ప్రతి కణంలోనూ దాన్ని చంపే ఎంజైము ఒకటి నిద్రపోతా ఉంటది నాన్నా. కాస్పేజ్ అంటారు. అది లేస్తే తెలిసేట్టు ఈ ఈగల్ని తయారుచేశారు. ఎర్రగా ఉన్న వాటిల్లో అది ఇప్పుడే లేచింది."

"అయితే చస్తయ్."

"చానా మటుకు చస్తయ్."

"మరి ఆ పచ్చనియ్యి?"

"వాటిల్లో ఎప్పుడో లేచింది. అయినా చావలేదు. అంచుదాకా వెళ్లి వెనక్కొచ్చినయ్. ఆ గుర్తు మాత్రం పోదు, వాటికి పుట్టే కణాలక్కూడా..." అంటూ జాహ్నవి ఆగిపోయింది. ఎవరి ముందు ఏం మాట్లాడుతోందో అప్పుడు తట్టింది ఆమెకు.

బ్రహ్మానందం తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. "ఇప్పుడేం చేస్తన్నయ్ అయి?"

"మిగతావాటి లాగే, వాటి పని అవి చేసుకుంటన్నయ్."

"మిగతాయి వీటిని దూరం పెట్టవా?"

"లేదు నాన్నా. ఆనుకునే ఉంటయ్."

"చానా ఉన్నయ్యే," అన్నాడతను తెర దగ్గరికి వంగి. ఈ లోకంలో అలా వెళ్లి వచ్చింది తనొక్కడే అనుకుంటూ వచ్చాడు మరి. ఆ పచ్చటి చుక్కల్ని చూస్తుంటే ఏడుపొచ్చింది. కండువాతో మొహం తుడుచుకుని, ఆ చిన్న పురుగుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

ఆదివారం షాదీఖానా దగ్గర బస్సు దిగగానే ఆడవాళ్లకంటే ముందు అతనే నడిచాడు. గుమ్మంలో చుట్టాలను పలకరిస్తున్న మహబూబ్ ఇతన్ని చూసి అలాగే నిలబడిపోయాడు.

"ఒరేయ్ మహబూబూ," అని కాసేపు నీళ్లు నమిలాడు బ్రహ్మానందం. "ఆ రోజు నన్ను ఆటోలో వేసుకుని పోయావు. చానా మేలు చేశావురా."

మహబూబ్ కళ్లు నిండాయి. "నన్ను చూస్తే పక్క సందులోకి పోతావుంటే, బతికించినందుకు నా మీద కోపమనుకున్నా బాబాయ్. వద్దనుకుని పోయేవోణ్ని వెనక్కి లాక్కొచ్చి తప్పు చేశానేమోనని ఎన్నిసార్లు అనుకున్నానో."

బ్రహ్మానందానికి తల కొట్టేసినట్టయింది. తను దాచుకున్న సిగ్గు ఇన్నాళ్లూ ఈ మంచివాడు మోశాడు. అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు.

"తప్పు కాదురా. పొద్దున్నే చేలోకి పోతా రోజూ నిన్నే తలుచుకుంటా. బతికుండటం బాగుందిరా."

వెనక నిలబడ్డ మహాలక్ష్మీ జాహ్నవీ అతని నోట ఆ మాట వినడం అదే మొదలు.