మానేసినవాళ్లు పదకొండుమంది

పొద్దున్నుంచి మంచినీళ్ల సీసాలు మోసి మోసి ఎలుకలమ్మ నడుం పడిపోయింది. పరిశోధనశాలలో పద్నాలుగేళ్లుగా ఎలుకల గది చూసుకుంటోంది కనుక అందరూ ఆమెనలాగే పిలుస్తారు. ఉద్యోగం మాత్రం ఇప్పటికీ రోజుకూలే. మెదడు క్యాన్సర్ మీద పెద్ద సదస్సు పెట్టారు. మనుషులు చాలక, "రెండ్రోజులు ఇటు రా" అని ఆమెను లాక్కొచ్చారు.

వేదిక మీద పెద్ద డాక్టరు తన కొత్త మందు గురించి చెబుతున్నాడు. ఆ మందు ఎక్కించడానికి ఎలుకల్ని పట్టుకున్నది ఆమే. బతికినవి చలాకీగా తిరుగుతుంటే నమ్మకం కుదిరి, మనుషుల మీద పరీక్ష మొదలవగానే అదే జబ్బుతో ఉన్న సొంత అక్కను బతిమాలి చేర్పించిందీ ఆమే. అయిదో వారంలో అక్క ఆస్పత్రి మంచం మీదే పోయింది. పెద్ద డాక్టరు ఆ ఛాయలకే రాలేదు.

తెర మీద అంకెలు పడ్డాయి.

"అరవైమందిలో నలభై తొమ్మిదిమంది చికిత్స పూర్తి చేశారు. వాళ్లలో ఒక్కరు కూడా చనిపోలేదు. పదకొండుమంది మధ్యలో మానేశారు."

హాలంతా చప్పట్లు.

మానేశారు! ఆ మాట ఆమెకు కొత్తా? మందు పడక ఎలుక చస్తే, దాని కార్డు మీద చచ్చింది అని రాయనిచ్చేవాడు కాదు ఆ మహానుభావుడు. "మానేసింది అని రాయవమ్మా" అనేవాడు. మానేసిన ఎలుక లెక్కలోకి రాదు. "ఎలుక ఉద్యోగం మానేసిందా సార్?" అని పకపకా నవ్వి ఆమె అలాగే రాసేది. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ వెంటనే ఒళ్లు భగ్గున మండింది. వీణ్ణి ఇక్కడే, ఇంతమందిలోనే కడిగెయ్యాలి అనుకుంది.

సీసాలు కింద పెట్టి గబగబా వేదికెక్కింది.

"సార్, మా అక్క ఏం మానేసింది?"

"ఏయ్, దిగు కిందికి" అని డాక్టరు పళ్ల బిగువున గొణిగాడు.

"ఆఖరి సూది వేసిన గంటకి నా చేతుల్లో ప్రాణం వదిలింది. మానేసిందా? నోరెలా వచ్చిందయ్యా నీకు!"

సభకు అధ్యక్షురాలైన పెద్దావిడ కళ్లజోడు తీసింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఈయన ఎలుకల్ని సాకేదాన్నండి. చచ్చినవాటికి మానేసింది అని రాసిన చెయ్యి ఇదే. నన్నేం చేసుకుంటారో చేసుకోండి. ముందు ఆ పదకొండుమందీ ఏమయ్యారో ఈయన్ని అడగండి."

డాక్టరు ఆమె చెవి దగ్గరికి వంగాడు. "బయటికి రా తల్లీ. రేపే నీ ఉద్యోగం పర్మనెంట్ చేయిస్తా."

పద్నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగినా ఆయన నోట రాని మాట అది. ఆయన నుదుటి మీద చెమట చూస్తుంటే ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

"రాను!" హాలంతా వినబడేలా అరిచింది. "బయటికొస్తే పర్మనెంట్ చేస్తాడంట, వింటున్నారా?"

చివరి వరసలో ఎవరో లేచి నిలబడ్డారు. పెద్దావిడ డాక్టరు వైపు తిరిగింది.

"డాక్టరు గారూ, ఆ పదకొండుమందిలో ఎందరు బతికున్నారు?"

ఆయన కాగితాలు తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు.

ఎలుకలమ్మ ఆయన కోసం వేసిన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్పండి సార్. మా అక్కతోనే మొదలుపెట్టండి. పేరు గుర్తురాకపోతే నేనందిస్తా."